దాయి బాసీ, గంగాభవాని పులుపు

గంగాభవానికి నలభై ఎనిమిదేళ్లు. బీపీ లేదు, షుగర్ లేదు. రోజుకి పది గంటలు గ్యాసు పొయ్యిల ముందు నిలబడినా నడుము నొప్పి అని ఒక్కనాడు మూలగలేదు. ఆమెకున్న బాధల్లా ఒక్కటే. అది బగీచా కోఠీ హోటల్ వరండాలో, మట్టిపొయ్యి పక్కన, మేకుకి వేలాడుతూ ఉంటుంది. మూరెడు చెక్కపలక. దాని మీద తెల్లరంగుతో హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంటుంది: ‘సుకవారా దాయి చేతి బాసీ’.

దాయి అంటే ఛత్తీస్‌గఢీలో అమ్మ. బాసీ అంటే రాత్రి నీళ్లు పోసి ఉంచిన అన్నం, మన చద్దన్నమే. పలక మీద పేరు సుకవారాది. ఆ చెయ్యి మాత్రం గంగాభవానిది. రెండేళ్లుగా రోజూ పొద్దున్న ఆ పలక పక్కనుంచే వంటింట్లోకి నడిచి వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ ఆమె కడుపులో ఒక బర్నర్ వెలిగేది.

రాయ్‌పూర్ నుంచి ధమ్‌తరీ రోడ్డు పట్టుకుని వెళితే, అభన్‌పూర్ ఇంకా రాకముందే, మామిడితోట మధ్యలో ఉంటుంది కోఠీ, పాతకాలపు బంగళా. 1923లో ఒక మాల్‌గుజారు కట్టించుకున్నాడు. ఊరి శిస్తు వసూలు చేసి తెల్లవాళ్లకి కట్టి, మిగిలింది తను తిన్న భూస్వామి. హాల్లో ఇత్తడి ఫలకం మీద ఆయన పేరుంది, ఆయన తండ్రి పేరుంది, పునాదిరాయి వేసిన తెల్లదొర పేరు కూడా ఉంది. వెట్టికి ఇటుకలు మోసినవాళ్ల పేర్లు లేవు. ఇత్తడి ఖరీదైన లోహం కదా, అందరికీ చాలదు.

2008లో మనవలు దాన్ని హోటల్ చేశారు. గంగాభవాని అప్పుడే చేరింది. రాయ్‌పూర్‌లో రైల్వే వ్యాగన్లు బాగుచేసేవాళ్ల డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీలో పుట్టి పెరిగిన మనిషి. తాత పలాస పక్కనుంచి వచ్చి వ్యాగన్ వర్క్‌షాపులో సుత్తి పట్టాడు, తండ్రి అక్కడే వెల్డింగ్ చేశాడు. ఇప్పుడు మొగుడు చిన్నారావు అదే గేటులోంచి అదే టిఫిన్ డబ్బాతో వెళ్లి వస్తున్నాడు. ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, గుమ్మం దాటితే హిందీ. ఆమె కోఠీకి వచ్చిన కొత్తలో అక్కడ అమ్మినది పనీరూ తందూరీ రొట్టే. అవి చెయ్యడం ఆమె నెలలో నేర్చేసుకుంది.

2017లో యజమానులకి పల్లెటూరు గుర్తొచ్చింది. మంచి సిమెంటు గోడల మీద మట్టి మెత్తించారు. ప్లాస్టిక్ కుర్చీలు తీసేసి నులక మంచాలు వేశారు. లాంతర్లు కొని వాటిలో కరెంటు బల్బులు పెట్టారు. వరండాలో మట్టిపొయ్యి కట్టించి, దాని ముందు కూర్చోడానికి మనిషి కోసం వెతికారు. తోటలో ఆకులు ఊడ్చే సుకవారా కనపడింది. కోఠీ వెనక ఊరే ఆమెది. మోచేతుల దాకా పచ్చబొట్లు. మేనేజర్ ఉమేష్ ఆ చేతులు చూసి చప్పట్లు కొట్టాడట. హోటల్ వాళ్లే మోకాళ్ల దాకా కట్టే నేతచీర ఇచ్చారు, మెళ్లో రూపాయిబిళ్లల దండ వేశారు. ఆమె పొయ్యి మీద పది బియ్యప్పిండి అట్లు పోస్తుంది, అతిథులు ఫోటోలు తీసుకుంటారు. మిగిలిన వంద అట్లూ లోపల గ్యాసు మీద గంగాభవాని పోస్తుంది.

ఆ చప్పట్ల సంగతి విన్న రోజు గంగాభవాని తన చేతులు చూసుకుంది. పచ్చబొట్లు లేవు. నూనె చిందిన మచ్చలే ఉన్నాయి. వాటిని ఎవరూ ఫోటో తియ్యరు.

అదైనా సహించింది. బాసీ దగ్గరే తట్టుకోలేకపోయింది. లాక్‌డౌన్ అయిపోయి హోటల్ మళ్లీ తెరిచాక, పొద్దుటి ఫలహారంలో బాసీ పెడదామన్నాడు ఉమేష్. చెయ్యాల్సింది సుకవారా. సరిగ్గా ఆ వారం సుకవారాకి టైఫాయిడ్. గంగాభవానిని చెయ్యమన్నారు. ఆమెకి వచ్చిన చద్దన్నం ఒక్కటే, అత్తగారు అన్నమ్మ నేర్పినది. దానికి తరవాణి కావాలి. తరవాణి అంటే వార్చిన గంజిని కుండలో పోసి పులియబెట్టిన నీళ్లు. రోజూ కొంత తీసి, రోజూ కొత్త గంజి పొయ్యాలి. అడుగున పాతది ఎప్పుడూ మిగలాలి, కుండ ఎండకూడదు. అన్నమ్మ పలాస నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కుండలోంచి గంగాభవాని కాస్త తెచ్చి, కోఠీ సామాన్ల గది మూల కొత్త కుండలో మొదలుపెట్టింది. నాలుగు నిమ్మాకులు వేసింది. ఆ నీళ్లలో రాత్రంతా నానిన అన్నాన్ని కంచుగిన్నెల్లో, ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేయించిన వడియాలూ పెట్టి పంపితే, అతిథులు గిన్నె ఎత్తి తాగారు.

“ఇదే, రోజూ ఇదే కావాలి” అన్నాడు ఉమేష్. వారం తిరక్కుండా పలక వేలాడింది. సుకవారా పేరుతో.

“సర్‌జీ, చేసింది నేను కదా?” అంది గంగాభవాని.

“అరే గంగా బాయి, ఫోటో ఎవరిది? ఆమెది. ఫోటో ఒకరిదీ పేరొకరిదీ అయితే గెస్టులు తికమకపడరూ?”

పదమూడేళ్ల నుంచి హాజరు పుస్తకంలో ఆమె గంగా బాయే. సగం పేరు అక్కడే పోయింది. మిగతా సగం పలక మింగింది.

సుకవారా మాత్రం ఆమెని ‘బహినీ’ అనే పిలిచేది. చెల్లెమ్మా అని. మధ్యాహ్నం వంటింటి వెనక అరుగు మీద డబ్బా విప్పి, “రా బహినీ, ఒక ముద్ద తిను” అనేది. గంగాభవాని ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆ డబ్బా ముట్టలేదు. సోమవారం ఉపవాసమనేది, శనివారం ఉపవాసమనేది, ఏ ఉపవాసమూ దొరకనినాడు కడుపు బాగాలేదనేది. అసలు సంగతి చెప్పుకుందాం. సుకవారా సత్నామీ. రాయ్‌పూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఆ కులాన్ని అంటరానిదన్నవాళ్లకి లోటు లేదు. గంగాభవాని ఆ మాట నోటితో ఎన్నడూ అనలేదు. చేతితో అంది, రోజూ. హాల్లోకి తనని రానివ్వని పచ్చతలుపు ఆమెకి కనపడేది గానీ, తను వేసిన తలుపు కనపడలేదు.

ఆ పచ్చతలుపు సంగతీ చెప్పాలి. వంటింటికీ భోజనాల హాలుకీ మధ్య ఉంటుంది, నడుమ గుండ్రటి అద్దంతో. అతిథులున్నప్పుడు వంటవాళ్లు అది దాటకూడదు. పదిహేనేళ్లలో గంగాభవాని హాలుని మామూలుగా చూసింది కుర్చీలు బల్లల మీదికెక్కించి నేల తుడిచేటప్పుడే. ఎర్ర మెత్తల టేకు కుర్చీలు, దూలం నుంచి వేలాడే గుడ్డ పంకా. అక్కడ ఒక్కసారి కూర్చుని, ఇంకొకరు వడ్డిస్తుంటే తినాలని ఆమె కోరిక. పెద్ద కోరికేం కాదు. అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

2023 వేసవిలో కోఠీకి నూరేళ్లు నిండాయి. సిబ్బందినందరినీ మామిడిచెట్టు కింద నిలబెట్టి ఉమేష్ ప్రకటించాడు: “మాలిక్‌లు నిర్ణయించారు. మనలో ఒకరు ఒక రోజు మన గెస్ట్. మధ్యాహ్నం హాల్లో భోజనం. రాత్రికి నాలుగో నంబరు, పందిరి మంచం గదిలో బస. పొద్దున్న అందరితో పాటు ఫలహారం.”

పందిరి మంచం గది! ఒక రాత్రికి గంగాభవాని నెల జీతంలో సగం. పదిహేనేళ్లుగా ఉన్నది వంటింట్లో తనొక్కతే. పాత ముఖాలన్నీ లెక్కేసుకుని, తన పేరు రాకుండా ఎలా ఉంటుందనుకుంది. ఇంటికెళ్లి పెట్టెలోంచి కోసాపట్టు చీర తీసి ఎండలో ఆరేసింది.

మూడోనాడు పేరు చదివారు. సుకవారా.

అందరూ చప్పట్లు కొట్టారు. గంగాభవాని కూడా కొట్టింది. ఆ చప్పుడు తన చెంపల మీదే పడినట్టయింది.

“ఫోటోగ్రాఫర్ వస్తాడు కదా, అర్థం చేసుకో” అన్నాడు ఉమేష్, ఆమె ముఖం చూసి.

“నాకేం అర్థం కాలేదని మీకు చెప్పానా సర్‌జీ?” అంది ఆమె.

విందు రోజు మధ్యాహ్నం ఘుమఘుమలాడే దుబ్‌రాజ్ బియ్యం అన్నం వండింది గంగాభవాని. చేమాకులు మినప్పిండితో చుట్టి ఆవిరి పెట్టి మజ్జిగపులుసులో వేసింది. కందకూర చేసింది. తన చేత్తో కంచుపళ్లెంలో సర్ది, ట్రేలో పెట్టి, తలుపు దాకా తెచ్చి వడ్డించేవాడికి ఇచ్చింది. తర్వాత గుండ్రటి అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది.

సుకవారా ఒక్కతే వచ్చింది. భర్త ఉర్లాలో ఇనుప ఫ్యాక్టరీ దుమ్ము పీల్చి పీల్చి నాలుగేళ్ల కిందట పోయాడు. ఇంటి నుంచి గులాబీపూల చీర కట్టుకుని వస్తే, ఉమేష్ మార్పించి మళ్లీ ఆ మోకాళ్ల నేతచీరే కట్టించాడు. అయినా గంగాభవానికి చీర కనపడలేదు. ఎర్రమెత్త కనపడింది. మెత్త మీద సుకవారా ఎలా కుదురుకుందో కనపడింది. కిందికి ఒకసారి దిగి, మళ్లీ పైకి లేచింది ఆ మెత్త. వడ్డించేవాడు వంగి “ఇంకొంచెం?” అంటున్నాడు. సుకవారా తల ఊపుతోంది! నిజంగానే ఇంకొంచెం పెట్టించుకుంటోంది!

“తిను తల్లీ, తిను” అనుకుంది గంగాభవాని పళ్ల బిగువున. “పేరు తిన్నావు, కుర్చీ తిన్నావు, కందకూర కూడా తిను.”

అప్పుడే ఆమెకి ఆ ఆలోచన వచ్చింది. రేపు పొద్దున్న అందరితో పాటు ఫలహారం. ఫలహారంలో బాసీ. బాసీ తయారుచేసిన దాయి, బల్ల దగ్గర, అందరి మధ్య. ఆ బాసీలో పులుపే లేకపోతే?

సాయంత్రం అన్నం వండి చల్లార్చి, మంచినీళ్లు పోసి మూత పెట్టింది. ఒక్క చుక్క తరవాణి కలపలేదు. ఆపైన సామాన్ల గదిలోకెళ్లి, కుండ మూతికి తడిగుడ్డ కట్టి, కూరగాయల వ్యానులో ముందుసీటెక్కి ఒళ్లో పెట్టుకుంది. వ్యాను గతుక్కుమన్నప్పుడల్లా కుండ కూడా లోపల్నుంచి గుళుక్కుమంది.

చీకటి పడకముందే ఇల్లు చేరింది. చిన్నారావు గుమ్మంలో సైకిలు చైనుకి నూనె పెడుతున్నాడు.

“ఏటే, కుండెత్తుకొచ్చీసినావు? ఛుట్టీ ఇచ్చీసినారేటి పూరాగా, పనికి రావొద్దని?”

“నాకెవులిస్తారు ఛుట్టీ. నానే ఆలకిచ్చినాను.”

“అంటే?”

“రేపు పొద్దున ఆ సుకవారా పల్లకీ దిగతాది. దాయి సేతి బాసీ, దాయి సేతి బాసీ అని లొట్టలేస్తారు గదా, రేపు తిననీ. ఉత్తి నీలన్నం. అందరి ముందల మాలూమయిపోతాది, ఎవుల సేతిదో.”

చిన్నారావు నూనెడబ్బా కింద పెట్టాడు. “ఒలే, నీకు కావాల్సింది పేరా? ఆ కుర్సీయా? ఆ పందిరి మంచమా?”

“మూడూనూ.”

“మరి నన్నెందుకు సేసుకున్నావే! నా కాడ నులకమంచం కూడా లేదు.”

“నవ్వకు. నాకు లోపల్లోపల జల్ రహా హై.”

“తెలస్తానే ఉంది. ఆ మంట మీద టీ పెట్టీ, గ్యాసు మిగులుద్ది” అన్నాడు. తర్వాత కాస్త మెత్తబడి, “ఆ మడిసి నీకేం సేసినాది? పలక రాసింది ఆవిడా, ఉమేషా?” అని అడిగాడు.

గంగాభవాని కుండని అత్తగారి కుండ పక్కన పెట్టి, రెండిటిలోనూ గంజి పోసింది.

మర్నాడు ఎనిమిదింటికి హాలు నిండింది. నూరేళ్ల పండగని ఢిల్లీ నుంచీ నాగపూర్ నుంచీ కూడా వచ్చారు. ట్రేలు గబగబా తిరగాలని పచ్చతలుపుకి ఇటుక అడ్డంపెట్టి ఓరగా తెరిచారు. గంగాభవాని ఆ సందు దగ్గరే ఉల్లిపాయలు తరుగుతూ నిలబడింది. కత్తి ఉల్లిపాయ మీదుంది, చెవులు హాల్లో ఉన్నాయి.

ఢిల్లీ నుంచి వచ్చినావిడ మొదటి గుక్కకే గిన్నె దించింది. ఆవిడ మూడోసారి వస్తోంది, బాసీ కోసమేనని అందరికీ చెబుతుంది. “ఉమేష్‌జీ, ఇవాళ రుచి తేడాగా ఉంది. ఆ పులుపేదీ? ఆ నిమ్మాకు వాసనేదీ?”

ఇంకెవరో “అవును, నీళ్లలా ఉంది” అన్నారు.

గంగాభవాని తలుపు సందుకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. వచ్చింది, సమయం వచ్చింది.

ఉమేష్ నవ్వు తెచ్చిపెట్టుకుని సుకవారా వైపు తిరిగాడు. “దాయీ, మేడమ్‌కి చెప్పు. ఎండలకి ఒక్కోసారి ఇలా అవుతుందని.”

సుకవారా అప్పటిదాకా ఎవరినీ పట్టించుకోవడం లేదు. గిన్నెలోంచి ఒక ముద్ద తీసుకుంది. ఆగింది. ఇంకో ముద్ద తీసుకుంది. పచ్చిమిర్చి కొరికింది. ముఖమంతా విచ్చుకుంది.

“ఇవాళే సరిగ్గా ఉంది” అంది.

హాల్లో చెంచాలు ఆగాయి.

“మా ఇంట్లో బాసీ ఇలాగే ఉంటుంది. అన్నం, మంచినీళ్లు, ఉప్పు, అంతే. మా అమ్మ ఇదే తిని ఈ కోఠీ పొలాల్లో నాట్లేసింది. పులుపు మాది కాదు. మీరంతా రెండేళ్ల నుంచీ నా పేరు చెప్పుకుని తిన్నది ఆంధ్రా బహినీ చేసినది, గంగాభవాని. అదుగో, ఆ తలుపెనక ఉంటుంది. ఆవిడ కుండలోది ఆ పులుపు. ఈ ఉమేష్ బాబుకి నేను ఆనాడే చెప్పాను, పలక మీద నా పేరు వద్దని. గెస్టులకి అంత కథ అక్కర్లేదన్నాడు.”

గంగాభవాని చేతిలో కత్తి ఆగిపోయింది. పదిహేనేళ్లలో ఆ హాల్లో తన పేరు మొత్తంగా, గంగాభవాని అని, పలికిన మొదటి నోరది. ఢిల్లీ ఆవిడ తలతిప్పి తలుపు వైపు చూసింది. ఈ క్షణం కోసమే కదా కుండ మోసింది! కానీ సంతోషం రాలేదు. ముందు వచ్చింది ఇంకొక మంట: ఈ మాట నేను అనాల్సింది. నిజం చెప్పే వంతు కూడా ఇదే కొట్టేసింది, ఎర్రమెత్త కుర్చీలో కూర్చుని మరీ.

తొమ్మిదిన్నరకి ఉమేష్ వంటింట్లోకి వచ్చాడు. “కుండ ఎక్కడ?”

“మా ఇంట్లో.”

“రేపు తీసుకురా.”

“తెస్తాను. పలక మీద నా పేరు రాయించండి.”

“గంగా బాయి, జనం ఛత్తీస్‌గఢ్ చూడ్డానికి వస్తారు. ఆంధ్రా పేరు పెడితే ఏం బాగుంటుంది?”

“మా తాత ఈ మట్టిలోనే కలిశాడు. నాన్న ఇక్కడే పుట్టాడు, నేనిక్కడే పుట్టాను. ఇంకెన్ని తరాలు పుడితే ఇక్కడి పేరవుతుంది సర్‌జీ?”

ఉమేష్ ఫోను తీసి రంగులు వేసేవాణ్ని పిలిచాడు. మధ్యాహ్నానికల్లా రంగు డబ్బాతో మనిషి వచ్చి పాత అక్షరాల మీద కొత్తవి రాసిపోయాడు: ‘కోఠీ బాసీ, 1923 నుంచి’. సుకవారా పేరు పోయింది. గంగాభవాని పేరు రాలేదు. మాల్‌గుజారు ఆ రోజుల్లో బాసీ ముట్టి ఉంటాడా? తిన్నవాళ్లు పొలంలో ఉన్నారు. కానీ పలకకి సిగ్గేముంది, ఏది రాస్తే అది మోస్తుంది.

గంగాభవాని దాన్ని చూసి వచ్చి వెనక అరుగు మీద కూర్చుంది. కుండ తేనని అప్పటికే నిర్ణయించుకుంది. నిమ్మకాయలు పిండుకోనీ, మజ్జిగ కలుపుకోనీ. ఉద్యోగం ఉంటే ఉంటుంది.

సుకవారా గులాబీపూల చీరలో, చేతిలో కంచుగిన్నెతో వచ్చి పక్కన కూర్చుంది. వాళ్ల మాటలు సగం ఛత్తీస్‌గఢీ, సగం హిందీ. మనం తెలుగులో విందాం.

“రాత్రి నిద్ర పట్టిందా?” అని అడిగింది గంగాభవాని. పట్టలేదని చెబితే బాగుండునని ఉంది. కొత్త చోటు, మెత్తటి పరుపు, పట్టకపోవచ్చు.

“భలే పట్టింది బహినీ. రెండుసార్లు లేచి కూడా, మంచం ఉందో లేదో చూసుకుని మళ్లీ పడుకున్నాను. ఆ గోడల ఇటుకలు మా తాత మోసినవే కదా, పరాయి ఇల్లనిపించలేదు.”

గంగాభవాని పెదవి కొరుక్కుంది.

“కుర్చీ?”

“కుర్చీ ఇంకా బాగుంది.”

“ఆ మాట చెప్పకుండా ఉండలేవూ?”

“అడిగావు కదా మరి!” సుకవారా నవ్వి, అంతలోనే నవ్వు ఆపింది. “నువ్వు కుండ కావాలనే తీసుకుపోయావని నాకు తెలుసు. నా పరువు తియ్యాలని.”

గంగాభవాని తల తిప్పుకుంది.

“తియ్యాలనుకుంటే తీశావు. నేను మాత్రం తక్కువ ఏడ్చానా? రెండేళ్ల పాటు గెస్టులు నీ పులుపుని నా ముఖం మీద పొగుడుతుంటే నాకెంత మండేదో తెలుసా? మా అమ్మ బాసీ ఒక్కరూ రుచి చూడలేదు. నువ్వూ చూడలేదు. ఎన్నిసార్లు పిలిచాను? నీ ఉపవాసాలు లెక్కేస్తే ఈపాటికి నువ్వు సన్యాసివి అయిపోవాలి.”

ఉపవాసాల అర్థం సుకవారాకి మొదటినుంచీ తెలుసు. గంగాభవాని చెవులు వేడెక్కాయి. అది సోమవారం. ఇద్దరికీ తెలుసు.

సుకవారా గిన్నె చాపింది. “నువ్వు వండిన అన్నమే, నువ్వు పోసిన నీళ్లే. రుచి మాత్రం నాది. తింటావా, ఇవాళ కూడా ఉపవాసమా?”

గంగాభవాని గిన్నె అందుకుంది. వేళ్లు ముంచి ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. చల్లగా, ఏ గొడవా లేకుండా దిగింది. బియ్యం తియ్యదనం ముందు తెలిసింది, ఉప్పు తర్వాత. తరవాణి పులుపు కింద ఇన్నాళ్లూ ఆ తియ్యదనం తనకి తెలియనే తెలియలేదు. ముద్ద మీద ముద్దగా గిన్నె ఖాళీ చేసింది. బాగుంది. చాలా బాగుంది. అక్కడే మళ్లీ ఒళ్లు మండింది ఆమెకి. దీని చేతిలో ఇదీ ఉందా!

“ఎలా ఉంది?” అంది సుకవారా.

“ఉప్పు తక్కువైంది” అంది గంగాభవాని, ఖాళీ అయిన గిన్నెని ఇంకొంచెం కోసం ముందుకు చాపుతూ.